మూత మీద మనిషి, జేబులో మనిషి

పాత వస్తువుల వేలం జాబితాల్లో ఇలాంటి వర్ణన తరచూ కనిపిస్తుంది: బంగారు జేబు గడియారం, మూత మీద ఎనామెల్‌తో వేసిన నెపోలియన్ చిత్రం. అది చదివినవాడు పక్కవాడికి చెప్పేటప్పటికి "నెపోలియన్ గడియారమట" అయిపోతుంది. మధ్యలో రెండు మాటలు జారిపోయాయి, అంతే. కానీ ఆ రెండు మాటల మీదే గడియారం చరిత్రా, ధరా ఆధారపడి ఉంటాయి. మన ఊళ్లో ఆటో వెనకాల ఎన్టీఆర్ బొమ్మ ఉంటే ఆటో ఎన్టీఆర్‌దని ఎవరూ అనుకోరు. నడిపేవాడు ఆయన అభిమాని అనుకుని ఎక్కి కూర్చుంటాం. అదే వస్తువు బంగారంతో చేసిందీ, నూటయాభై రెండొందల ఏళ్లనాటిదీ అయ్యేసరికి ఆ మాత్రం ఇంగితం ఎందుకో పక్కకు పోతుంది.

ఇలాంటి గడియారం వెనక కనీసం ముగ్గురుంటారు. మూత మీద ఉన్న మనిషి, దాన్ని జేబులో వేసుకు తిరిగిన మనిషి, దాన్ని చేసిన మనిషి. ఈ మూడో ఆయన నిజానికి ఒక్కడు కాదు, ఒక చిన్న గుంపు. "ఇది ఎవరి గడియారం?" అని ఒకే ప్రశ్న అడిగితే ఈ ముగ్గురూ కలగలిసిపోతారు. వాళ్లని విడదీయడానికి, నాకు బాగా నచ్చిన ఒక ఉదాహరణతో మొదలుపెడతాను.

1830 నవంబరులో పోలండ్ రాజధాని వార్సాలో రష్యా చక్రవర్తి పాలన మీద తిరుగుబాటు లేచింది. మరుసటి ఏడాది అణిగిపోయింది. వేలమంది పోలిష్ సైనికులు, చదువుకున్నవాళ్లు దేశం వదిలి పడమటికి వెళ్లిపోయారు. వాళ్లలో ఆంతోని పటెక్ అనే కుర్రాడు ఒకడు. ఫ్రాన్స్‌లో కొంతకాలం ఉండి, చివరికి స్విట్జర్లాండ్‌లోని జెనీవా చేరాడు. 1839లో ఫ్రాంచిషెక్ చాపెక్ అనే మరో ప్రవాసితో కలిసి అక్కడ గడియారాల కంపెనీ పెట్టాడు. చాపెక్‌కి పని తెలుసు, పటెక్‌కి అమ్మడం తెలుసు. ఈనాడు లక్షలూ కోట్లూ పలికే పటెక్ ఫిలిప్ కంపెనీకి మూలం ఇదే.

ఆ తొలి ఏళ్లలో వాళ్లు చేసిన గడియారాల్లో కొన్నింటి మూతల మీద పోలండ్ చరిత్ర కనిపిస్తుంది. తదేఉష్ కొశ్చూష్కో, యువరాజు యూజెఫ్ పొన్యతోవ్‌స్కీ, పోలండ్‌వాళ్లు కొలిచే చెన్స్తోహోవా నల్ల మరియమ్మ. కొశ్చూష్కో అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడి వచ్చి, 1794లో సొంత దేశంలో తిరుగుబాటు నడిపి, కొడవళ్లు పట్టిన రైతుల్ని రష్యా ఫిరంగుల మీదికి నడిపించినవాడు. పొన్యతోవ్‌స్కీ 1813 అక్టోబరులో లైప్‌జిగ్ యుద్ధంలో గాయపడి, గుర్రంతో సహా ఎల్‌స్టర్ నదిలోకి దూకి మునిగిపోయినవాడు. నెపోలియన్ అతనికి మార్షల్ హోదా ఇచ్చి అప్పటికి మూడు రోజులే.

కొశ్చూష్కో చనిపోయింది 1817లో, అదీ స్విట్జర్లాండ్‌లోనే. కంపెనీ పుట్టింది 22 ఏళ్ల తర్వాత. పొన్యతోవ్‌స్కీకైతే 26 ఏళ్ల తర్వాత. కాబట్టి ఆ గడియారాలు వాళ్లిద్దరివీ అయ్యే వీలే లేదు. అవి ఎవరివంటే, దేశం పోగొట్టుకున్నవాళ్లవి. 1772, 1793, 1795 సంవత్సరాల్లో మూడు విడతలుగా రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా పోలండ్‌ని పంచేసుకున్నాయి. పటెక్ కంపెనీ పెట్టేనాటికి స్వతంత్ర పోలండ్ అనేది పటంలో లేదు. జెండా ఎగరేయడానికి చోటు లేనివాళ్లు వీరుణ్ణి జేబులో పెట్టుకున్నారు.

మూత మీది ముఖం చాలాసార్లు సొంతదారు ఎవరో చెప్పదు. సొంతదారు ఎవరి పక్షమో చెబుతుంది. ఎవరో తెలుసుకోవాలంటే ఇంకా లోపలికి వెళ్లాలి. ముందు అసలు ఆ బొమ్మ అక్కడికి ఎలా ఎక్కిందో చూద్దాం. ఇందులో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం అదే.

రంగు కాదు, గాజు

పాత ఇళ్లలో తెల్లటి పళ్లేలు, మగ్గులు, నీలం అంచుతో ఉండేవి. పింగాణీ అనేవాళ్లం గానీ అవి ఇనప రేకు మీద ఎనామెల్ పూసినవి. కింద పడితే పెచ్చు లేచి లోపల నల్లటి ఇనుము బయటపడేది. గడియారం మూత మీదున్నదీ ఆ జాతిదే. ఎనామెల్ అంటే రంగు వేయడం కాదు, లోహం మీద గాజును కరిగించి అంటించడం.

ఇసుక, సీసం ఆక్సైడ్, సోడా లేదా పొటాష్ కలిపి కరిగించి గాజు చేస్తారు. దాన్ని చల్లార్చి, కల్వంలో నీళ్లు పోసి మెత్తగా నూరుతారు. రంగు లోహాల నుంచి వస్తుంది. కోబాల్ట్ నీలం ఇస్తుంది, రాగి ఆకుపచ్చ, మాంగనీస్ ఊదా, ఇనుము ఇటుక ఎరుపు. తగరం ఆక్సైడ్ కలిపితే చూపు దూరని తెలుపు. గులాబీ, కెంపు రంగులు కావాలంటే మాత్రం బంగారమే కావాలి. బంగారాన్ని ద్రవరాజంలో, అంటే దాన్ని కరిగించగల ఆమ్లాల మిశ్రమంలో, కరిగించి, తగరం లవణం కలిపితే ఊదాఎరుపు మడ్డి అడుగుకి దిగుతుంది. దాన్నే కాసియస్ ఊదా అంటారు. బంగారు మూత మీద రాణి బుగ్గల్లో కనిపించే గులాబీ రంగు కూడా బంగారమేనన్నమాట. కంసాలికి ఈ సంగతి చెబితే ఒక్క నిమిషం చేతిలో పని ఆపుతాడు.

ఈ పొడిని లోహం మీద పరిచి, దాదాపు 750 నుంచి 850 డిగ్రీల వేడిలో కొలిమిలో పెడితే ఒకటి రెండు నిమిషాల్లో కరిగి అతుక్కుంటుంది. 18 క్యారెట్ల బంగారం కరగడానికి అక్కణ్ణించి ఎంతో దూరం లేదు. కొంచెం ఏమరుపాటు అయితే బొమ్మతో పాటు మూత కూడా కూలిపోతుంది. ఇంకో చిక్కు ఉంది. చల్లారేటప్పుడు లోహం ఎక్కువ ముడుచుకుంటుంది, గాజు తక్కువ. ఒకవైపే పూస్తే పల్చటి పలక అప్పడంలా వంకర తిరుగుతుంది, గాజు చిట్లుతుంది. అందుకని లోపలి వైపు కూడా ఒక పూత వేస్తారు. పాత ఎనామెల్ మూత తెరిచినప్పుడు లోపల కూడా నీలమో తెలుపో కనిపిస్తే అది సోకు కోసం మాత్రమే వేసింది కాదు, మూతని తిన్నగా నిలబెట్టేది అదే.

ఇక్కడ చాలామంది కలిపేసే రెండు పనులున్నాయి. మనకు బాగా తెలిసినది జైపూర్ మీనాకారి. కుందన్ హారం తిప్పి చూస్తే వెనకాల ఎర్రటి పూలు, ఆకుపచ్చ ఆకులు, చిలకలు ఉంటాయి కదా, అది. అందులో బంగారంలో గుంటలు తవ్వి, ఒక్కో గుంటలో ఒక్కో రంగు గాజు నింపి కాలుస్తారు. రంగుకీ రంగుకీ మధ్య బంగారు గట్టు ఉంటుంది. పూలకి, చిలకలకి అది చక్కగా సరిపోతుంది, మనిషి ముఖానికి సరిపోదు. బుగ్గ మీద వెలుగు ఎక్కడ ఆగి నీడ ఎక్కడ మొదలైందో గట్టు కట్టి చూపలేం. గడియారపు పనిలో కూడా ఈ గుంటల పద్ధతి ఉంది. యంత్రంతో అలల్లాంటి గీతలు చెక్కి వాటి మీద పారదర్శకమైన నీలం పూసే పద్ధతీ ఉంది, తిప్పినప్పుడు పట్టుచీరలా మెరుస్తుంది. ఇవన్నీ బొమ్మ చుట్టూ అలంకారం. బొమ్మ మాత్రం వేరే విద్య.

ఆ విద్య 1630 ప్రాంతాల్లో ఫ్రాన్స్‌లో, షాతోదన్ ఊరి కంసాలి ఝాన్ తుతాన్ చేతిలో రూపు కట్టింది. ముందు బంగారం మీద తెల్లటి ఎనామెల్ పూసి కాల్చి నున్నటి కాగితంలాంటి నేల తయారుచేయడం, ఆ నేల మీద ఎనామెల్ రంగుల్ని నూనెలో కలిపి సన్నటి కుంచెతో మామూలు చిత్రంలా వేయడం, మళ్లీ కాల్చడం. చెప్పడానికి ఇంతే. చేసేటప్పుడు ఒక్కో రంగుకి ఒక్కో వేడి. ఎక్కువ వేడి తట్టుకునేవి ముందు వేసి కాల్చాలి, సుకుమారమైనవి చివర. పచ్చిగా ఉన్నప్పటి రంగు ఒకటి, కాలాక వచ్చే రంగు ఇంకొకటి. అంటే చిత్రకారుడు కంటికి కనిపిస్తున్నది కాదు, రేపు రాబోయేది మనసులో పెట్టుకుని వేయాలి. ఒక ముఖానికి పదిసార్లు, అంతకంటే ఎక్కువ కూడా కాల్చేవాళ్లు. పదోసారి చిట్లితే మొదటి తొమ్మిదీ వృథా. చర్మం రంగుని గీతలతో కాకుండా చుక్కలు చుక్కలుగా పెట్టేవాళ్లు, భూతద్దంలో చూస్తే తప్ప ఆ చుక్కలు తెలియవు.

జెనీవావాళ్లు దీనికి ఇంకొకటి చేర్చారు. బొమ్మ పూర్తయ్యాక దాని మీద రంగులేని పారదర్శకమైన గాజు పొర కాల్చి, నున్నగా సాన పట్టడం. జేబులో నాణేలు, తాళాలు రాసుకున్నా ముందు అరిగేది ఆ పై పొరే. ఆ గాజు కింద ముఖం నీళ్ల అడుగున ఉన్నట్టు కనిపిస్తుంది.

ఇంత కష్టం ఎందుకు, నూనె రంగులతో వేసి పైన అద్దం పెట్టొచ్చు కదా అనొచ్చు. ఏనుగు దంతం మీద నీటిరంగులతో వేసిన చిన్న బొమ్మలు ఉండేవి, అద్దం కింద పెట్టేవాళ్లు. కానీ వెలుతురు తగిలితే వెలిసిపోతాయి, చెమ్మ తగిలితే పాడవుతాయి. గడియారం రోజుకి పదిసార్లు జేబులోంచి తీసి చెమట చేతుల్తో పట్టుకునే వస్తువు. ఎనామెల్ రంగు మూడొందల ఏళ్లయినా వెలిసిపోదు. దానికి ఒకే శత్రువు, దెబ్బ. నా దృష్టిలో గడియారం మీదికి ముఖాలు రావడానికి సగం కారణం ఈ సాదాసీదా సంగతే.

రాజు ముఖం వేసినవాడు రాజు జైల్లో

మిగతా సగం కారణం రాజకీయం. ఝాన్ పెతితో, జెనీవాలో ఒక చెక్క శిల్పి కొడుకు, 1607లో పుట్టినవాడు, ఇంగ్లండ్ వెళ్లి మొదటి చార్లెస్ దగ్గర పనిచేశాడు. అక్కడ రాజవైద్యుడు మయెర్న్ రసాయనాలు తెలిసినవాడు, కొత్త రంగులు కుదుర్చుకోవడంలో అతనికి సాయం చేశాడు. వైద్యుడూ చిత్రకారుడూ కలిసి రంగులు కాచుకోవడం నాకు భలే నచ్చుతుంది. తర్వాత పెతితో ప్యారిస్ చేరి, పద్నాలుగో లూయీ ముఖాన్ని బొటనవేలి గోరంత సైజులో మళ్లీ మళ్లీ వేశాడు. రాజు వాటి చుట్టూ వజ్రాలు పొదిగించి రాయబారులకి కానుకగా ఇచ్చేవాడు. ఎదుటివాడి గుండెల మీద వేలాడే రాజముఖం అన్నమాట. ఇది యూరప్‌కే సొంతం కాదు. మొగల్ దర్బారులో జహంగీర్ తన బొమ్మ ఉన్న చిన్న పతకాన్ని నమ్మినవాళ్లకి ఇచ్చేవాడు, ఇంగ్లండ్ రాయబారి థామస్ రోకి కూడా ఒకటి ఇచ్చాడు.

1685లో లూయీ తన రాజ్యంలో ప్రొటెస్టెంట్లకి ఉన్న హక్కులు రద్దు చేశాడు. పెతితో ప్రొటెస్టెంటు. ఎనభైకి దగ్గరపడిన ఆ ముసలాయన్ని, తన ముఖాన్ని అన్నేళ్లు వేసినవాణ్ణి, రాజు జైల్లో వేయించాడు. బయటపడి 1687లో జెనీవా చేరాడు. ఆ కాలంలో ఫ్రాన్స్ నుంచి వేలమంది పనివాళ్లు అలాగే వచ్చి చేరారు. జెనీవాలో అప్పటికే నేల సిద్ధంగా ఉంది. ప్రొటెస్టెంటు మతగురువు కాల్విన్ సంస్కరణల కాలంలో నగల మీద ఆంక్షలు పెడితే కంసాలులు గడియారాల వైపు మళ్లారు. గడియారం నగ కాదు, పనికొచ్చే వస్తువు, దాన్నెవరూ కాదనలేదు. తర్వాత అదే గడియారం మీద ముత్యాలు, ఎనామెల్, రాణుల బొమ్మలు పెట్టారు. ముందు తలుపు మూసి కిటికీ తెరిచినట్టయింది.

హువో కుటుంబం ఈ పనిలో పేరుమోసింది. తండ్రి పియేర్ ఫ్రాన్స్ నుంచి జెనీవా వచ్చాడు, ముగ్గురు కొడుకులు గడియారపు కేసుల మీద ఎనామెల్ చిత్రాలకి యూరప్ అంతటా పేరు తెచ్చుకున్నారు. వాళ్లు సంతకం పెట్టేవాళ్లు. ఇది చెప్పుకోవాల్సిన విషయం, ఎందుకంటే తర్వాతి రెండొందల ఏళ్లలో చాలామంది పెట్టలేదు. ఆ సంగతికి మళ్లీ వస్తాను.

ముఖానికీ జేబుకీ ఏం సంబంధం?

గడియారం మీద ముఖం ఉండటానికి నాకు తెలిసి నాలుగైదు దారులున్నాయి, ఒక్కోదానికి సొంతదారు వేరు.

పోలిష్ గడియారాలది భక్తి దారి. నెపోలియన్ బొమ్మల్లో ఎక్కువ భాగం కూడా ఇదే. ఆయన ఓడిపోయాక, చనిపోయాక కూడా పాత సిపాయిలు, అభిమానులు ఆ ముఖాన్ని దాచుకున్నారు. ఇంకోటి పైనుంచి వచ్చే కానుక. రాజో, షానో, చక్రవర్తో తన బొమ్మ వేయించి జెనీవాకి ఆర్డరిచ్చి, డజన్ల లెక్కన తెప్పించి, కొలువులో వాళ్లకి, విదేశీ దూతలకి, ఒక్కోసారి వైద్యం చేసిన డాక్టరుకి ఇచ్చేవాడు. ఇరాన్‌ని ఏలిన నాసిరుద్దీన్ షా 1873, 1878, 1889లలో మూడుసార్లు యూరప్ వెళ్లాడు. మీసాలతో, టోపీతో ఆయన ముఖం స్విస్ గడియారాల మీద కనిపిస్తుంది. అలాంటి గడియారం షా జేబులోంచి కాదు, షా దయకి పాత్రుడైన ఎవరి ఇంట్లోంచో వస్తుంది.

మన సంస్థానాధీశులు ఈ ఆటలోకి పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో వచ్చారు. ఫోటో పంపితే చాలు, జెనీవా చిత్రకారుడు తలపాగా, ముత్యాల దండలు, పతకాలతో సహా ఎనామెల్ చేసి పంపేవాడు. ఆ చిత్రకారుడు మహారాజుని జన్మలో చూడలేదు. తలపాగా ఎలా చుడతారో కూడా అతనికి తెలియదు, ఫోటోలో ఉన్న మడతల్ని ఉన్నట్టే దింపాడు. వీటిలో కొన్ని మహారాజుల సొంతానికి, కొన్ని పంచడానికి. ఏది ఏదో బొమ్మ చెప్పదు.

మరో దారి వ్యాపారం. ఎక్కడ ఏ ముఖం అమ్ముడుపోతుందో కంపెనీలకి తెలుసు. చైనాకి పంపే గడియారాలు జతలుగా వెళ్లేవి, ఒకదాని బొమ్మ రెండోదానికి అద్దంలో ప్రతిబింబంలా ఉండేది. వాటి మీద ఎక్కువగా పూలు, పక్షులు, ఊరూ పేరూ లేని అందగత్తెలు. తురుష్క మార్కెట్‌కి వెళ్లేవాటి మీద మనుషుల బొమ్మలకంటే పూలదండలు, సముద్ర తీరాలు, తురుష్క అంకెలు. అంటే ముఖం లేకపోవడం కూడా ఎవరికోసం చేశారో చెబుతుంది.

ఇక అసలు సొంతదారుల గడియారాలు. తక్కువే అయినా ఉన్నాయి. 1851లో లండన్ మహాప్రదర్శనలో పటెక్ కంపెనీ దగ్గర విక్టోరియా రాణి ఒక గడియారం తీసుకుంది. నీలం ఎనామెల్, వజ్రాలు పొదిగిన పూలగుత్తి, మెడలోనో రొమ్ము మీదో వేలాడదీసుకునే చిన్నది. చూశారా, నిజంగా రాణిగారి గడియారం మీద రాణి ముఖం లేదు, పువ్వులున్నాయి. తన ముఖం తను జేబులో పెట్టుకుని తిరగాల్సిన అవసరం రాజులకి అంతగా ఉండదు. వాళ్ల ముఖం మోసేది ఇతరులు.

ఆమె ఎవరు?

ఇంతవరకూ ముఖం ఎవరిదో తెలుసనే మాట్లాడుకున్నాం. చాలాసార్లు అదే తెలియదు. బొమ్మ కింద పేరు రాయరు. పౌడరు జుట్టుతో ఉన్న ప్రతి దొరసానీ అమ్మేవాడి నోట్లో ఫ్రాన్స్ రాణి మరీ ఆంత్వానెత్ అయిపోతుంది, ఎత్తు నడుము గౌను వేసుకున్న ప్రతి ఆవిడా నెపోలియన్ భార్య జోసఫీన్ అవుతుంది. అది మోసమే కానక్కర్లేదు, ఆశ కూడా కావచ్చు.

పోల్చుకోవడానికి మంచి దారి అచ్చు బొమ్మలు. ఎనామెల్ చిత్రకారుడి ముందు రాజు కూర్చోడు. అప్పట్లో అమ్మే, చెక్కి అచ్చేసిన కాగితం బొమ్మలు చూసి వేసేవాడు, తర్వాత ఫోటోలు చూసి. రెండు వేర్వేరు ఊళ్లలో దొరికిన గడియారాల మీద ఒకే తల ఒకే వైపు తిరిగి ఉంటే, వాటి తల్లి ఒకే అచ్చు కాగితం అయ్యుండాలి. ఆ కాగితం దొరికితే పేరు కూడా దొరికినట్టే, అచ్చు బొమ్మల కింద పేరు వేస్తారు గనక.

ఇంకో దారి ఛాతీ మీద పతకాలు. ఇది నాకు భలే ఇష్టం, ఎందుకంటే ఇక్కడ ఊహకి చోటు తక్కువ. ఫ్రాన్స్ వారి లీజియన్ ఆఫ్ ఆనర్ పుట్టింది 1802లో. అది తగిలించుకున్నవాడు 1793లో తల తెగిపోయిన పదహారో లూయీ కాలేడు. బ్రిటిష్‌వారి స్టార్ ఆఫ్ ఇండియా పుట్టింది 1861లో. ఆ నక్షత్రం ఉన్న మహారాజు బొమ్మని 1850 నాటిదని ఎవరైనా అంటే, నవ్వి ఊరుకోవచ్చు.

బొమ్మ చేత్తో వేసిందా కాదా అన్నది మరో మెలిక. 1854లో లఫోన్ ద కమర్సాక్ అనే ఫ్రెంచివాడు ఫోటోనే ఎనామెల్ మీదికి దింపి కాల్చే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. ఆ తర్వాత కాలపు బొమ్మల్లో కొన్ని కింద ఫోటో, పైన కుంచె మెరుగులు. తప్పేం లేదు, అదీ పాతదే. కానీ భూతద్దంలో చూస్తే చేతి చుక్కలు ముఖం గుండ్రదనాన్ని అనుసరించి తిరుగుతాయి, ఫోటోలో అలా ఉండదు. ఇక ఈ మధ్య తయారయ్యే నకిలీల్లో పేపరు ఫోటోలాగా చుక్కలు వరసల్లో ఉంటాయి. అది కనబడితే గడియారం అక్కడే పెట్టి టీ తాగడానికి వెళ్లిపోవచ్చు.

డయల్ మీద పేరు ఎవరిది?

డయల్ మీద కంపెనీ పేరు ఉంటుంది. ఆ కంపెనీయే అంతా చేసిందనుకుంటాం. జెనీవాలో పద్ధతి అది కాదు. మెషీన్ మొరటు రూపంలో ఒక చోట తయారవుతుంది, ఇంకొకరు దాన్ని సాపు చేసి నడిపిస్తారు. కేసు చేసేవాడు వేరు, దాని మీద చెక్కేవాడు వేరు, నేల ఎనామెల్ పూసేవాడు వేరు, ముఖం వేసేవాడు వేరు, ముళ్లు చేసేవాడు వేరు. ఆ తెల్లటి డయల్ కూడా రాగి రేకు మీద ఎనామెలే, దానికి ఇంకో పనివాడు. పైన ముత్యాలు ఉంటే అవి అన్నిటికంటే చివర, సగానికి కోసి పొదుగుతారు. కొలిమి వేడికి ముత్యం నిలవదు. ఇంతమంది పనిచేశాక పేరు ఒక్కరిదే మిగులుతుంది, అమ్మినవాడిది. అన్నిటికంటే కష్టపడ్డ ముఖచిత్రకారుడు చాలాసార్లు సంతకం లేకుండానే పోయాడు. పెళ్లి భోజనంలో వంటమనిషి పేరు శుభలేఖ మీద ఉండదు కదా, అలాగ.

పైగా కేసూ మెషీనూ ఎప్పుడూ కలిసే ఉండాలనేం లేదు. డబ్బు అవసరమైనప్పుడు బంగారం కేసు కరిగించి అమ్ముకున్నారు, మెషీన్లు అనాథలయ్యాయి. కేసు బావుండి మెషీన్ పాడైతే ఇంకోటి దూర్చారు. అందుకే చూసేవాళ్లు ముందు నంబర్లు కలుస్తున్నాయా అని చూస్తారు. కేసు మీద, లోపలి మూత మీద, మెషీన్ మీద. బంగారం ముద్రలు కాలం చెబుతాయి. ఫ్రాన్స్‌లో 18 క్యారెట్లకి గద్ద తల ముద్ర 1838 నుంచి. స్విట్జర్లాండ్ 1880 చట్టంతో ముద్రలు తెచ్చింది: 18 క్యారెట్లకి హెల్వేషియా అనే స్త్రీ తల, 14 క్యారెట్లకి ఉడత. ఉడత ముద్ర ఉన్న కేసుని నెపోలియన్ కాలానికి అంటగట్టలేం.

దెబ్బ తగిలిన ఎనామెల్ సంగతి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే సమాధానం అంత బాగోదు. పెచ్చు లేస్తే మళ్లీ కాల్చి సరిచేయడం చాలా ప్రమాదం. పాత గాజు ఎలా స్పందిస్తుందో తెలియదు, బావున్న చోట కొత్త చిట్లు రావచ్చు. అందుకని చాలామంది రెసిన్ రంగుతో పూడ్చేస్తారు. మామూలు వెలుతుర్లో తెలియదు, అతినీలలోహిత దీపం కింద పూడ్చిన చోటు వేరేగా మెరుస్తుంది. మీ ఇంట్లో తాతగారిది ఇలాంటిది ఉంటే నగలు కడిగినట్టు సబ్బు నీళ్లలో వేయకండి, నగల షాపులో కంపించే మెషీన్‌లో అసలు పెట్టనివ్వకండి. ఉన్న సన్నటి పగుళ్లు పెచ్చులవుతాయి.

ఈ విద్య జెనీవాలో ఇరవయ్యో శతాబ్దంలో దాదాపు ఆరిపోయేదాకా వచ్చింది. చేతిగడియారం వచ్చి మూతలు పోయాయి, ముఖం వేయడానికి చోటే లేదు. కార్లో పొలూజ్జీ లాంటి ఇద్దరు ముగ్గురు పట్టుకుని ఉన్నారు. ఆయన దగ్గర సుజాన్ రోర్ నేర్చుకుంది, ఆమె దగ్గర అనితా పోర్షే నేర్చుకుంది. ఈనాడు పెద్ద కంపెనీల ఎనామెల్ గడియారాల వెనక ఆ పరంపరే ఉంది. అనిత కొన్నింటి మీద తన పేరు మొదటి అక్షరాలు పెడుతుంది. మూడొందల ఏళ్ల తర్వాత మళ్లీ సంతకం.

ముఖం ఎవరు చూడటానికి?

చివరిగా, బొమ్మ ఎవరిదన్నదే కాదు, ఎక్కడుందన్నది కూడా చూడాలి. దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు గానీ నాకైతే ఇదే సొంతదారు మనసుకి దగ్గరి దారి అనిపిస్తుంది.

ముందు మూత ఉన్న గడియారంలో బొమ్మ ఆ మూత బయట ఉంటే, జేబులోంచి తీయగానే ముందు ముఖం, తర్వాతే టైము. తీసినవాడూ చూస్తాడు, పక్కనున్నవాడూ చూస్తాడు. రాజు కానుకగా ఇచ్చినవి ఇలా ఉండటం సబబు, పదిమందికీ తెలియాలి కదా. ముందు మూత లేని గడియారంలో బొమ్మ వెనక ఉంటుంది. టైము చూసుకుంటున్నప్పుడు అది అరచేతిలో ఉంటుంది, పట్టుకున్నవాడికి కనబడదు, ఎదురుగా ఉన్నవాడికి వేళ్ల సందుల్లోంచి కనబడితే కనబడొచ్చు. మూడో చోటు వెనక మూత లోపల, లేదా దాని కింద ఉండే రెండో మూత మీద. బయటినుంచి చూస్తే మామూలు బంగారు గడియారం, లోపల ఎవరో.

పాత గడియారాలకి రోజూ కీ ఇవ్వాలి, అదీ విడిగా ఉండే చిన్న తాళంచెవితో. పందొమ్మిదో శతాబ్దం మొదటి సగంలో సాధారణంగా వెనక మూత తెరిచి, లోపలి మూతలో ఉన్న రంధ్రంలోకి ఆ తాళంచెవి పెట్టి తిప్పేవాళ్లు. రాత్రి పడుకోబోయే ముందు దీపం దగ్గర కూర్చుని, గొలుసుకి వేలాడే తాళంచెవి తీసి, మూత తెరిచి, పదీ పన్నెండు చుట్లు. లోపల బొమ్మ ఉన్నవాడు ఆ ముఖాన్ని రోజుకి ఒకసారి, ఒంటరిగా, తప్పనిసరిగా చూసేవాడు.

1844లో ప్యారిస్ ప్రదర్శనలో పటెక్‌కి ఒక ఫ్రెంచి వాచ్‌మేకర్ తారసపడ్డాడు, ఝాన్ ఏద్రియన్ ఫిలిప్. తాళంచెవి లేకుండా పైనున్న గుండీ తిప్పితే కీ ఎక్కే గడియారం చేసి బహుమతి తీసుకున్నాడు. మరుసటి ఏడాది చాపెక్‌తో ఒప్పందం ముగిసింది, ఫిలిప్ వచ్చి చేరాడు, 1851కి అతని పేరు కంపెనీ పేరులో కలిసింది. ఆ గుండీ వచ్చాక వెనక మూత తెరవాల్సిన పని లేకుండా పోయింది. అప్పటినుంచి లోపల ఉన్న ముఖాన్ని, ఎప్పుడో రిపేరుకి ఇస్తే, వాచ్‌మేకర్ చూసేవాడు.